మూడో దుంకు

పోయిన వారం కథలో ఎల్లంను వాళ్లింటి గడప మీద కూర్చోబెట్టి వచ్చాం. నలభై అయిదు రోజులు మిలిటరీ క్యాంపులో ఉండి వచ్చిన మనిషి. సంగం వాళ్లకు, అంటే కమ్యూనిస్టులకు, చీటీలు మోస్తున్నాడని ఎవరో చెబితే పట్టుకుపోయారు. మోయలేదని తేలాక వదిలిపెట్టారు. తేలేలోపు అరికాళ్లు పుండ్లు పడ్డాయి. గడప మీద కూలబడి అతను అడిగిన మొదటి మాట అన్నం గురించి కాదు, నీళ్ల గురించి కాదు. "బద్దన్న వచ్చిండా?" అన్నాడు. లోపలి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అదే మాట అతన్ని అడగాలని వాళ్లు నలభై అయిదు రోజులుగా కాచుకుని ఉన్నారు.

బద్దన్న అంటే బద్రుద్దీన్. మెదక్ ఖిల్లా కింది వాడలో ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి వేసేవాడు. కొలిమి తిత్తి భుజాన వేసుకుని టేక్మాల్, అల్లాదుర్గ్, రేగోడ్ దిక్కు ఊళ్లన్నీ తిరిగేవాడు. దసరాకు ముందు ఎల్లం ఇంటి పాలచెంబులన్నీ అతని చేతి మీదుగానే మెరిసేవి. రజాకార్లు ఒకనాడు అతన్ని పిలిపించుకుని తమ వంట దేగిశాలకు కళాయి వేయించుకున్నారు. వద్దంటే ఊరుకునే రోజులు కావు అవి. పోలీసు యాక్షన్ అయ్యాక, కసి తీరనివాళ్లు కత్తులు పట్టుకుని తిరిగిన వారాల్లో, ఆ కళాయే అతని మీద నేరమై కూర్చుంది.

అప్పుడు ఎల్లం రెండు పనులు చేశాడు. బద్రుద్దీన్ భార్య మన్సూరాను తన తల్లి శివమ్మ దగ్గర ఉంచాడు. శివమ్మ ఆమె నొసట బొట్టు పెట్టి, గోచీ పోసి చీర కట్టి, రేగోడ్ నుంచి వచ్చిన మా అక్క కోడలు బాలనర్సమ్మ అని గొల్లగూడెం అంతా చెప్పుకుంది. బద్రుద్దీన్‌ను మాత్రం గడ్డం గొరిగించి ఎల్లం గుట్టల్లోకి, వాగు దారి పట్టించాడు. ఎనిమిది రోజులు రొట్టె మోశాడు. తొమ్మిదో రోజు తనే పట్టుబడ్డాడు. ఆ తరువాత బద్రుద్దీన్ ఏమయ్యాడో తెలిసినవాళ్లు లేరు. రొట్టె రాకపోయేసరికి గుట్ట దాటి అల్లాదుర్గ్ దిక్కు పోయి ఉంటాడని శివమ్మ, ఇవాళో రేపో వస్తాడని మన్సూరా, ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటూ కార్తీకం దాకా వచ్చారు.

గడప మీద ఆ మాట అడిగిన నాలుగో నాటి పొద్దున, ఎల్లం, శివమ్మ, మన్సూరా ముగ్గురూ వాగు మొదట్లో నిలబడ్డారు.

*

నీళ్లు తగ్గాయి. వానల్లో రంకె వేసిన వాగు ఇప్పుడు బండల సందున ముక్కుతూ దిగుతోంది. రెండు పక్కలా మోదుగులు, మద్దిచెట్లు. ఎండ ఇంకా లోయలోకి దిగలేదు. ఎల్లం కర్ర పోటు మీద, పుండు తగలకుండా మడమ పక్కకు పెట్టి నడుస్తున్నాడు.

"ఈ వాగును కిందికెల్లి ఎక్కుడు నాకు గిదే మొదలు," అన్నాడు.

"పుట్టింది గీడ, పెరిగింది గీడ. గిదే మొదలంటవేంది భయ్యా?" అంది మన్సూరా.

"గొర్లను పొద్దుగాల బండల మీదికెల్లి ఎట్ల ఎక్కిస్తం వదినె? అటు దిక్కు గట్టు మీదికెల్లి తోలుకపోతం. మీద మేపుతం. మాపటికి నీళ్లు తాపుకుంట వాగెంబడి దిగొస్తం. మా నాయిన గంతే, వాళ్ల నాయిన గంతే. ఇయ్యాల నా కాళ్లకు ఆ గట్టు ఎక్కే బలం లేదు గని."

"కాళ్లకు లేదు, నోటికి మస్తుంది," అంది శివమ్మ వెనక నుంచి. "మాట్లాడకుండ నడువు. ఊపిరి సరిపోతది."

"నువ్వెందుకొచ్చినవే అసలు? మోకాళ్లు పట్టేసినయని మొన్నటిదాంక ఏడ్చినవు."

"నిన్నొక్కన్ని పంపితే మల్ల నలభై అయిదు దినాలకు వస్తవు. అందుకొచ్చిన."

మన్సూరా నవ్వలేదు గాని, నవ్వు వచ్చే చోట మొహం కొంచెం వదులైంది. ఆమె చంకలో రెండు మూటలున్నాయి. ఒకదాంట్లో జొన్నరొట్టెలు, ఎర్రకారం. రెండోదాంట్లో బద్రుద్దీన్ కుర్తా. ఇంట్లోంచి పారిపోయి వచ్చేటప్పుడు తీగ మీద ఆరుతున్నదాన్ని ఎందుకో గుంజుకుని వచ్చింది. ఇన్నాళ్లలో దాన్ని ఐదుసార్లు ఉతికింది. తొడగని బట్టకు మురికెక్కడిదని శివమ్మ అడగలేదు.

నీళ్లు దుంకే చోటును గొల్లలు దుంకు అంటారు. ఈ వాగుకు ఏడు దుంకులు. మొదటిది వచ్చింది. మనిషి నడుమెత్తు బండ, దాని మీదుగా పలచని నీళ్లు. మన్సూరా ఆగి చూసింది. పెదవులు కదిలాయి. తరువాత ముందుకు నడిచింది.

రెండోది ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పాకుడు. ఎల్లం ముందెక్కి కర్ర కిందికి చాపాడు. శివమ్మను మన్సూరా వెనక నుంచి నెట్టింది. "నడుం పట్టుకోకు బిడ్డా, చక్కిలిగిలి," అంది శివమ్మ. పైకెక్కాక వెనక్కి తిరిగి చూస్తే చెట్ల మీదుగా, చాలా దూరంలో మెదక్ చర్చి శిఖరం వేలెత్తు కనిపించింది. ఖిల్లా కనిపించలేదు. ఖిల్లా కింద తమ రేకుల దుకాణం ఉందో, కాలిపోయిందో మన్సూరాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఆమెకు అప్పుడు లేదు.

వాగు ఒక మలుపు తిరిగింది. మూడోది కనిపించింది.

మిగతా రెండింటిలా కాదు ఇది. రెండు నిలువుల ఎత్తు. పైనుంచి దిగే నీళ్లు ఒక పెద్ద బండ అంచు మీద పడి, పరదా వేసినట్టు ముందుకు జారుతున్నాయి. ఆ పరదా వెనక, బండ కింద, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడి జాగా ఉంది. కింద గుండం. నీళ్లలో అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి.

మన్సూరా మూటలు రెండూ బండ మీద పెట్టింది. వంగి మొహం కడుక్కుంది. నొసటి బొట్టు తడివేలితో తుడిచేసింది. యాభై రోజులకు పైగా పొద్దున పొద్దున పెట్టుకున్న బొట్టు. కొంగు తల మీదుగా తీసుకుని చెవుల వెనక దోపుకుంది. అతను అక్కడ ఉండడని ఆమెకు తెలుసు. తెలిసి కూడా చేసింది. శివమ్మ చూసింది.

ఎల్లం ఆగలేదు. గుండం పక్కగా పైకి పోయే రాళ్ల వరసను కర్రతో తడుముతున్నాడు.

"ఎటు పోతున్నవు భయ్యా? వచ్చినం గదా."

"యాడికొచ్చినం? ఇంకుంది వదినె. జర కూసొని రండ్రి, నేను పోతుంట."

"మూడోది గిదే గదా."

"ఇదా?" ఎల్లం తిరిగి చూసి, మామూలు గొంతుతో అన్నాడు. "ఇది ఐదోది. మూడోది పైన ఉంది, రెండు దుంకులు ఎక్కాలె."

మన్సూరా వేళ్లు మడిచింది. ఒకటి, రెండు, మూడు. మడిచిన వేళ్లు అతనికి చూపించింది. చిన్నపిల్లలకు చూపించినట్టు.

"నేను లెక్క పెట్టుకుంటనే వచ్చిన. నడుమెత్తుది ఒకటి. పాకుడుది రెండు. గిది మూడు."

"కిందికెల్లి లెక్కపెడితే ఎట్ల వదినె? దుంకులను పైకెల్లి గదా..."

ఆ మాట సగంలో ఆగిపోయింది. దాన్ని ఆపింది ఎవరూ కాదు, అతనే. కర్ర చేతిలోంచి జారి రాళ్ల మీద పడి, దొర్లి గుండంలోకి పోయింది. ముగ్గురిలో ఎవరూ దాని వంక చూడలేదు.

బద్రుద్దీన్ గుట్టల్లోకి పోయిన రోజు ఎల్లం చెప్పిన మాట మన్సూరా తన చెవులతో విన్నది. చెరువుకట్ట కింద, ఈతచెట్ల చాటున, బద్రుద్దీన్, తను, ఎల్లం ముగ్గురూ వంగి నిలబడి ఉన్నప్పుడు. "వాగు పట్టుకొని పో బద్దన్నా. మూడో దుంకు కాడ బండ కింద ఉండు. దినాం రొట్టె తెస్త. ఎవరు పిలిచినా పలకకు. నేను పిలిచినా పలకకు, నా గొంతు పెట్టి ఇంకోడు పిలువొచ్చు." బద్రుద్దీన్ తలూపాడు. మూడో దుంకు, అని తనకు తాను చెప్పుకున్నాడు. కింది నుంచి పోయేవాడు కింది నుంచి లెక్కపెడతాడు. పై నుంచి దిగేవాడు పై నుంచి లెక్కపెడతాడు. ఈ రెండు లెక్కలు ఉన్నాయన్న సంగతి అక్కడ నిలబడ్డ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

"ఓరి ఎల్లిగా," అంది శివమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "గిన్నెలు తోముకునే పట్నపోనికి గొర్లోని లెక్క చెప్పినవారా."

"లేదవ్వా. తిన్నడు. రొట్టె తిన్నడు." ఎల్లం రెండు చేతులూ ముందుకు చాపాడు. ఆ చేతుల్లో ఇంకా రొట్టె ఉన్నట్టు. "మూడో దుంకు కాడ, బండ సందుల పెట్టిన. మీద రాయి మూసిన. తెల్లారి పోతే రాయి పక్కకుండేది, బట్ట ఉత్తదుండేది. ఎనిమిది దినాలు. ఒక్క దినం గూడ రొట్టె మిగల్లే. మనిషి కనపడకపోతే దాసుకున్నడనుకున్న. నేనే గదా పలకకని చెప్పిన."

"కొండముచ్చులకు చేతుల్లేవారా? రాయి తీయనీకి, ముడి ఇప్పనీకి?"

 ఎల్లం పైన, కనిపించని ఆ దుంకు వైపు చూశాడు. పెద్ద దూరం కాదు. కూత వేస్తే వినపడే దూరం. ఎనిమిది రోజులు అతను అక్కడ రొట్టె పెట్టి, ఇక్కడ కూత వేయకుండా, గొర్లను గట్టు దారిన వెనక్కి తోలుకుపోయాడు. వాగెంబడి దిగితే ఎవరైనా వెంబడిస్తారని, బద్దన్న జాడ బయటపడుతుందని, తాతల నాటి దారిని ఆ ఎనిమిది రోజులే మానుకున్నాడు.

మన్సూరా చీర మోకాళ్ల దాకా ఎత్తి గుండంలోకి దిగింది. నీళ్లు నడుముకు వచ్చాయి. పరదా దాటి బండ కిందికి పోయింది.

*

లోపల చీకటిగా లేదు. నీళ్లలోంచి వచ్చే వెలుతురు బండ అడుగున కదులుతోంది. ఒక మూల బూడిద. నాలుగు మేడిపండ్ల తొడిమెలు, ఎండి నల్లబడ్డవి. మోదుగాకులు పరిచి వాటి మీద మనిషి పడుకున్న ఒత్తు. వెనక గోడలాంటి రాతి మీద బొగ్గు గీతలు, గీతల పక్కన మాటలు.

బద్రుద్దీన్ చదువుకున్నది తక్కువ. పెళ్లయ్యాక అతనికి ఉర్దూ రాయడం నేర్పింది మన్సూరాయే, దుకాణం ముందు, తిత్తి పక్కన పడ్డ బొగ్గుముక్కతో. అతని అక్షరాలు పక్కకు ఒరిగి ఉండేవి. ఇక్కడా ఒరిగే ఉన్నాయి.

ఆమె ఎంతసేపు లోపల ఉందో బయటి ఇద్దరికీ తెలియలేదు. శివమ్మ బండ మీద కూర్చుని కుర్తా మూటను ఒళ్లో పెట్టుకుంది. ఎల్లం నీళ్లలో నిలబడ్డాడు. పుండ్లకు నీళ్లు తగిలి మండుతున్నా ఒడ్డెక్కలేదు.

"ఏమన్న ఉన్నదా వదినె?"

"రాసిండు."

"ఏం రాసిండు?"

నీళ్ల పరదా వెనక ఆమె నీడ గోడ వైపు వంగింది.

"చదువు వదినె. నన్ను తిట్టిండా?"

"లేదు."

"తిట్టిండని చెప్పు. జర మంచిగుంటది."

"తిట్టలే భయ్యా. చదువుత ఆగు." ఆమె గొంతు నీళ్ల చప్పుడులోంచి సన్నగా, సాఫుగా వచ్చింది. ఉర్దూను తెలుగు చేసి, ఒక్కో గీత మీద వేలు పెట్టి చదివింది. "మొదటి దినం. వాన. ఎల్లం రాలే, వానకు రాలేడు. రెండో దినం. మేడిపండ్లు దొరికినయి. మూడో దినం. పైన గొర్ల గంటలు ఇనబడ్డయి. వస్తున్నడు."

ఎల్లం తల పక్కకు తిప్పుకున్నాడు.

"నాలుగో దినం. గంటలు. రాలే. ఎవరన్న ఎంబడి పడ్డరేమో, అందుకే దిగుతలేడు. నేను ఎక్కితే ఆయనకు ముప్పు. ఐదో దినం. గంటలు. ఆరో దినం. గంటలు, కడుపునొప్పి. ఏడో దినం ఏం రాయలే, ఉత్త గీత ఉంది. ఎనిమిదో దినం. గంటలు. మన్సూరా అన్నం తిన్నదో లేదో."

ఇక్కడ ఆమె ఆగింది. శివమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొమ్మిదో దినం," అంది మన్సూరా మళ్లీ. "గంటలు లేవు. పొద్దంత చెవి పెట్టి ఉన్న, లేవు. ఎల్లంకు ఏదో అయింది."

"నాకు..." అన్నాడు ఎల్లం. "నాకు ఏదో అయిందని..."

అతను నీళ్లలోనే కూర్చున్నాడు. ఛాతీ దాకా మునిగి, రెండు చేతులతో మొహం మూసుకుని, శబ్దం లేకుండా ఏడ్చాడు. క్యాంపులో కాళ్ల మీద కొట్టినప్పుడు అరిచాడు గాని ఇలా ఏడ్వలేదని తరువాత ఎప్పుడో తల్లితో చెప్పాడు. మన్సూరా పరదా దాటి బయటికి వచ్చింది. అతని పక్కనే నిలబడింది. అతన్ని తిట్టే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. ఆమె తడి చెయ్యి అతని తల మీద పెట్టింది, ఒక్క క్షణం. తరువాత తీసేసింది.

"నీ కోసమే పోయిండు భయ్యా," అంది. "ఆకలికి కాదు. ఆఖరు గీత ఇంకోటుంది. పదో దినం, తెల్లారి రాసినట్టుంది. ఎల్లం ఇంటికి పోత, వాళ్లమ్మను అడుగుత, అని రాసిండు."

"మా ఇంటికా?" ఎల్లం చేతులు తీశాడు. "మా ఇంటికి రాలే గదా. అవ్వా, వచ్చిండా?"

 శివమ్మ వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క పెడుతోంది. గొర్రెలను దొడ్లోకి తోలేటప్పుడు పెట్టే లెక్కలా వేగంగా మొదలై, చివరికొచ్చేసరికి బొటనవేలు ఒక కణుపు మీదే ఆగిపోయింది.

"నిన్ను ఏనాడు పట్టుకపోయిన్రు?" అంది కొడుకుతో.

"పెత్రామాసకు, గదే పెద్దల అమాసకు, ముందటి దినం."

"పదో దినమంటే అవుతల్నాడు, పెత్రామాసనాడే. తలుపు కొట్టింది తెల్లారి గాదు, మాపు గాదు. పగటీలి." శివమ్మ గొంతులో పొద్దుటి నుంచీ ఉన్న ఎకసెక్కం ఎటో పోయింది. "పెత్రామాసనాడు ఆగకుండ వాన కొట్టింది. యాదుందా బిడ్డా? నువ్వు గుమ్మిల ఉన్నవు."

మన్సూరాకు గుర్తుంది. వడ్లు లేని గుమ్మి. మీద చాట మూసి, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నది. ఎవరో తలుపు కొట్టారు. శివమ్మ తలుపు కొంచెమే తీసింది. వానలో మాటలు సరిగా వినిపించలేదు. ఒక దగ్గు వినిపించింది. గొంతు పూడుకుపోయిన దగ్గు. ఎవరో ముసలివాడు అనుకుంది.

"నెత్తి మీద గోనెసంచి కొప్పెర ఏసుకున్నడు," అంది శివమ్మ. "బద్దన్నకుండే నిండు గడ్డం లేదు. కండ్లు లోపలికి పోయినయి. మాట వస్తలేదు. ఎల్లం ఉన్నడా, అని అడిగిండు. ముందటి దినమే నిన్ను పట్టుకపోయిన్రు గదరా. ఆళ్ల మనిషే అనుకున్న. ఇంట్ల ఈ పిల్ల ఉండె. ఎల్లం ఎవడో నాకు ఎరుక లేదన్న. పెత్రామాసనాడు వచ్చినోన్ని కడుపుకింత పెట్టకుండ పంపొద్దంటరు. నేను పంపిన."

"అది ఆయన దగ్గు," అంది మన్సూరా. ఎవరితోనూ కాదు. "నాలుగేండ్లు పక్కల పండుకొని ఇన్న దగ్గు."

ఆమె శివమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"ఎటు పోయిండమ్మా?"

శివమ్మ తల ఎత్తలేదు. ఒళ్లో కుర్తా మూటను రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"పోతలేడు బిడ్డా. వానల అట్లనే నిలబడ్డడు. నిలబడి ఇంట్లకు చూస్తుండు. నిన్ను చూస్తడేమోనని భయమైంది. ఎల్లం సంగతి చావడి కాడ ఎరుకైతది, ఆడ అడుగు పో అని చెయ్యి చూపిన."

ఎల్లం లేచి నిలబడ్డాడు. చావడిలో ఆ దినాల్లో కూర్చునేది కత్తులు పట్టుకుని తిరిగిన ఆ మనుషులేనని ముగ్గురికీ తెలుసు. ఏ ఇంట్లో తురకలు దాగున్నారో ఊరి మనుషులను పిలిచి అడిగేవాళ్లు. మన్సూరా గుమ్మిలో కూర్చున్నది వాళ్ల భయానికే.

"పోయిండా?" అంది మన్సూరా. "చావడి దిక్కే పోయిండా?"

"సూడలే బిడ్డా. తలుపు పెట్టుకున్న." శివమ్మ కుర్తా మూట ముడిని బిగించింది.  "చావడి ఊడ్చే గాలయ్య దినాం మనింటికి చల్లకొచ్చేటోడు. పెత్రామాస నుంచి వస్తలేడు. ఎదురుపడితే నా మొకం చూడకుండ పక్క సందుల పోతుండు. చల్ల పలచగ పోస్తున్ననని అలిగిండేమో అనుకున్న. నేను పంపినోని నెత్తురు ఆ చావడిల కడిగింది ఆడేనేమో బిడ్డా."